వాగ్విమోచన కేంద్రంలో ఇరవై మూడు చిలుకలు

చిలుకకు మాటలు నేర్పడం ఎలాగో లోకంలో చాలామందికి తెలుసు. నేర్చిన మాటలను దానిచేత మరిపించాలన్న ఆలోచన మాత్రం మొట్టమొదట ఒక ఉత్తర్వుకే వచ్చింది.

రామచిలుకల్ని ఇళ్ళల్లో పెంచడం నేరం. ఆ వేసవిలో అటవీ శాఖ వారు ఊళ్ళమీద పడి, పెంకుటిళ్ళ చూరుల నుంచీ అపార్టుమెంటు బాల్కనీల నుంచీ జోస్యగాళ్ళ పెట్టెల నుంచీ ఇరవై మూడు చిలుకల్ని పట్టుకొచ్చారు. కొండల్లోకి తీసుకెళ్ళి వదిలేస్తే ఆ కథ అక్కడితో సరిపోయేది. కానీ వదలబోయే ముందురోజున పై ఆఫీసులో ఒక పెద్దమనిషికి సందేహం కలిగింది. మాటలొచ్చిన చిలుక అడవిలోకి పోయి, అక్కడి చిలుకలకు కూడా మాటలు నేర్పితేనో?

సందేహం కలిగిన మూడో రోజుకి ఉత్తర్వు వచ్చింది. "మానవ భాషా సంపర్కము గల పక్షులను అటవీ ప్రాంతమున విడిచినచో వన్య పక్షిజాలమునకు భాషా కాలుష్యము సంభవించు ప్రమాదము కలదు. కావున సదరు పక్షులు తమ మాటలను సంపూర్ణముగా మరచినట్లు ధ్రువీకరించిన పిమ్మట మాత్రమే విడుదల చేయవలెను."

ఆ విధంగా, కొండల అంచునున్న మల్లిగెడ్డ అనే చిన్న పట్నంలో, మూతబడ్డ పశువుల ఆసుపత్రికి సున్నం కొట్టి, 'విహంగ వాగ్విమోచన కేంద్రం' అని బోర్డు పెట్టారు. దానికి ప్రత్యేకాధికారిగా చక్రపాణి గారు వచ్చారు. గుమాస్తాగా తవిటినాయుడు వచ్చాడు. చిలుకలకు మేత పెట్టడానికి సన్యాసమ్మ వచ్చింది.

సన్యాసమ్మను కాంట్రాక్టు మీద తీసుకోవడానికి కారణం ఒక్కటే. పంజరంలో చెయ్యి పెట్టినా చిలుకలు ఆమెను కరవలేదు. మిగతావాళ్ళందరికీ వేళ్ళకు కట్లున్నాయి. ఆమె తండ్రి సంతల్లో చిలక జోస్యం చెప్పేవాడు. నడక రాకముందే ఆమె చిలుకల మధ్య పాకింది. నలభై రెండేళ్ళొచ్చినా, చిలుక ఎటు తల వంచితే ఏం అడుగుతోందో తండ్రి చెప్పినదంతా ఆమెకు గుర్తే.

మొదటిరోజే ఆమె ధైర్యం చేసి చక్రపాణి గారి గది గుమ్మంలో నిలబడింది.

"సారూ, ఒక్క మాట సెప్పనా?"

"లిఖితపూర్వకంగా సమర్పించండి."

"నాకు రాయడం రాదు బాబూ."

"అట్లయితే మౌఖికంగా సమర్పించండి. సంక్షిప్తంగా."

"సిలక్కి జత నేకపోతే మనిసినే జత అనుకుంటాది. ఆ జతని పిలవడానికే మన మాట నేర్సుకుంటాది. అంతకుమించి ఏటీ నేదు. ఈటన్నిటినీ ఒక పెద్ద సాలలో కలిపి ఒగ్గేయండి. మనం దూరంగా ఉందాం. రెండు నెల్లు పోతే ఆటి గోల ఆటిదే. మన మాటలు ఆటికెందుకు? కొండ కింద మొక్కజొన్న కంకి పాలు పోసుకునేసరికి అడివి సిలకలు మందలుగా దిగుతాయి. అప్పుడొగ్గేస్తే ఆటితో కలిసిపోతాయి. కోతలైపోయాక ఒగ్గితే మాత్రం డేగలకి కూడే."

చక్రపాణి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మీ విద్యార్హత?"

"మా నాన్న సిలక జోస్యం సెప్పేవోడు బాబూ."

"అది అర్హత కాదమ్మా. నేరం."

సన్యాసమ్మ మేత బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది. కంకి పాలు పోసుకోవడానికి ఇంకా మూడు నెలలుంది కదా, ఈలోగా ఆయనకే తెలుస్తుందిలే అనుకుంది. అప్పటికి ఆమెకు ఆఫీసుల సంగతి తెలియదు.

ముందుగా పదపట్టిక తయారుచేయాలన్నారు. ఏ చిలుకకు ఏయే మాటలు వచ్చో తెలియకుండా ఏవి మరిచిందో ఎలా తెలుస్తుంది? సాక్ష్యం కలగాపులగం కాకూడదని ఒక్కో చిలుకను ఒక్కో పంజరంలో పెట్టి, ఇరవై మూడు పంజరాలూ వరండాలో వరసగా వేలాడదీశారు. నిజానికి వాటిలో మాటలొచ్చినవి ఏడే. జోస్యగాడి చిలుక "మంచి రోజులొస్తాయి" అనేది. ఒక రిటైరైన బస్సు కండక్టరు ఇంటి చిలుక "లోపలికి జరగండి" అనేది. అత్తాకోడళ్ళిద్దరే ఉన్న ఇంట్లో పెరిగిన చిలుక "నీ మొహం" అనేది, దాన్ని రెండు గొంతులతో అనేది. తక్కిన పదహారూ కీ కీమనడం తప్ప మరేమీ ఎరగవు.

తవిటినాయుడు రిజిస్టరు పట్టుకుని పంజరం పంజరానికీ తిరిగాడు. చిలుక అన్న మాటను రాసుకోవడం, రాసింది సరిగ్గా ఉందో లేదో మూడుసార్లు పైకి చదివి నిర్ధారించుకోవడం, ఇదీ పద్ధతి. పద్ధతి ప్రకారం అతను ప్రతి పంజరం ముందూ నిలబడి, "నీ మొహం, నీ మొహం, నీ మొహం" అని స్పష్టంగా చదివాడు. రాని చిలుకల దగ్గర కూడా పట్టికంతా చదివి, వీటిలో ఏదైనా వచ్చునా అని విచారించాడు.

పదో రోజుకి ఇరవై మూడు చిలుకలూ మాట్లాడుతున్నాయి.

"ఒదినా," అన్నాడు తవిటినాయుడు భయంగా, "ఇదేటి, నాను రాసింది రాసినట్టే అన్నీ అంటన్నాయి?"

"నువ్వు నేర్పినావు, అయి నేర్సుకున్నాయి. బళ్ళో నీకూ ఇలాగే సెప్పుంటే పెద్ద ఆఫీసరు అయిపోయేవోడివి," అంది సన్యాసమ్మ.

చక్రపాణి గారు మాత్రం కంగారు పడలేదు. "పదహారు పక్షులలో నిగూఢముగా ఉన్న వాక్శక్తి మా సర్వేక్షణ మూలముగా వెలికితీయబడినది" అని పైకి రాశారు. పైవాళ్ళు అభినందించారు.

రెండో అంచెలో కేంద్రాన్ని నిశ్శబ్ద మండలంగా ప్రకటించారు. ఆవరణలో ఎవరూ నోరు విప్పరాదు. అందరికీ పలకలిచ్చారు. చెప్పాల్సింది పలక మీద రాసి చూపించాలి. రాయడం రాని సన్యాసమ్మకు కూడా ఒక పలక ఇచ్చారు. ఆమె దాని మీద జామకాయ బొమ్మ వేస్తే జామకాయలు అయిపోయాయని, మిరపకాయ బొమ్మ వేస్తే మిరపకాయలు అయిపోయాయని అర్థం. ఒకసారి వాచ్‌మన్ పాము వచ్చిందని పలక మీద రాసి, దాన్ని పట్టుకుని ఆవరణంతా తిరిగి చివరికి చక్రపాణి గారిని కనుక్కునేసరికి, పాము తన పని చూసుకుని వెళ్ళిపోయింది.

మనుషులు నోళ్ళు మూసుకోవడంతో చిలుకలకు తోచలేదు. తోడు పలక్కపోతే చిలుక ఊరుకోదు, ఇంకా గట్టిగా పిలుస్తుంది. ఇరవై మూడూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వరండా అదిరేలా "లోపలికి జరగండి, నీ మొహం, మంచి రోజులొస్తాయి" అని అరిచేవి. ఓ మధ్యాహ్నం చక్రపాణి గారు ఇక పట్టలేక గదిలోంచి బయటికొచ్చి, మొహం జేవురించి, వరండాలో ఉన్న బల్ల గుద్ది అరిచారు.

"నిశ్శబ్దం!"

చిలుకలు చటుక్కున ఆగి, తలలు వాల్చి ఆయన్నే చూశాయి. పని జరిగిందనుకుని ఆయన సంతృప్తిగా లోపలికి వెళ్ళారు. సన్యాసమ్మ మాత్రం నెత్తి కొట్టుకుంది. పాఠంలా చెబితే నెల్లాళ్ళు పట్టే మాట, కోపంతోనో ప్రేమతోనో ఒక్కసారి అంటే అతుక్కుపోతుందని తండ్రి అనేవాడు. ఇక మూడో రోజు నుంచి ఆవరణలో ఏ మూల నిలబడినా చక్రపాణి గారి గొంతే వినిపించింది. వాచ్‌మన్ ఆ గొంతుకు రోజుకు ఎనభైసార్లు సెల్యూట్ చేసి భుజం నొప్పి తెచ్చుకున్నాడు. ఒకరోజు బజారు నుంచి వస్తున్న చక్రపాణి గారు కూడా గేటు దగ్గర లోపలి నుంచి "నిశ్శబ్దం!" అన్న గద్దింపు విని, పై అధికారి ఎవరో తనిఖీకి వచ్చారనుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని మునివేళ్ళ మీద లోపలికి నడిచారు.

అప్పుడు పై నుంచి నిపుణుడి సలహా వచ్చింది. మాట తీసేస్తే ఖాళీ ఏర్పడుతుంది, ఖాళీని చిలుక భాషతోనే నింపాలి. అందుకు అనంతపద్మనాభం మాస్టారిని నియమించారు. ఆయన ముప్ఫై నాలుగేళ్ళు తెలుగు పండితుడిగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. వరండాలో నల్లబల్ల పెట్టించుకుని, దాని మీద 'కీ' అని అందంగా రాసి, బెత్తంతో చూపించేవారు.

"ఇప్పుడు నేను 'కీ' అంటాను. మీరును 'కీ' అనవలెను. గుర్తుంచుకోండి, హ్రస్వం కాదు, దీర్ఘం!"

సన్యాసమ్మ పలక పక్కన పెట్టి గుసగుసగా అడిగింది. "మాస్టారూ, కీ అన్నది ఆటికి పుట్టుకతోనే వచ్చు కదా బాబూ?"

"వచ్చును," అన్నారు మాస్టారు గంభీరంగా. "కానీ శాస్త్రీయంగా రాదు."

మూడు వారాల తర్వాత చిలుకలు "హ్రస్వం కాదు, దీర్ఘం!" అనడం నేర్చుకున్నాయి. 'కీ' అనడం చాలావరకు మానేశాయి. తప్పుగా అంటున్నామేమోనని జంకుతున్నట్టుగా ఉండేది చూస్తే.

ఇంతలో కొండ కింద మొక్కజొన్న పొత్తులు వేసింది. ఒక ఉదయం పనికొస్తూ సన్యాసమ్మ ఆకాశంలో ఆకుపచ్చటి మంద ఒకటి అరుచుకుంటూ పొలాల మీద వాలడం చూసింది. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. కోతలకు ముప్ఫై రోజులు. చిలుకల రెక్కల్లో, పెంచినవాళ్ళు కత్తిరించిన ఈకలు మళ్ళీ వచ్చేశాయి. ఎగరడానికి అన్నీ ఉన్నాయి, కాగితం తప్ప.

ఆ రోజే ఆమె చేతికి కూడా ఒక కాగితం వచ్చింది. తవిటినాయుడు గోడ వెనక్కి తీసుకెళ్ళి చదివిపెట్టాడు. "సదరు పక్షులు తమతో సన్నిహితముగా మెలగుచుండుట వలన తామే భాషా కాలుష్యమునకు మూలమని భావించవలసి వచ్చుచున్నది. రాబోవు పరీక్షలో పక్షులు అనుత్తీర్ణమైనచో తమ సేవలు ముగించబడును."

"నాను మాటాడనే మాటాడనేదు," అంది సన్యాసమ్మ. "మూణ్ణెల్లబట్టి జాంకాయ బొమ్మలేసుకుంటన్నాను."

"నాకు తెల్దా ఒదినా? కానీ కాయితం మీద ఎవళ్ళ పేరో ఒకళ్ళ పేరు రాయాలి కదా."

ఉద్యోగం పోతుందన్న దిగులు ఆమెకు లేకపోలేదు. కానీ ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టనిది దానికి కాదు. తాను పోతే వాటికి మేత ఎవరు పెడతారు, కట్లున్న వేళ్ళవాళ్ళా?

పరీక్షా సంఘానికి అధ్యక్షురాలు సుభద్రాదేవి గారు, జిల్లా కేంద్రం నుంచి వచ్చే పెద్ద అధికారిణి. ఆమె వెంట ఇద్దరు సభ్యులు. ఆమె చేసిన రెండు పరీక్షల్లోనూ చిలుకలు తప్పాయి. నిబంధన ప్రకారం ప్రతి చిలుకనూ "నీకు మాటలు వచ్చునా?" అని మూడుసార్లు అడగాలి. మొదటి నెల అలాగే అడిగారు. రెండో నెల సంఘం కారు దిగుతుండగానే ఇరవై మూడు చిలుకలూ ఒక్క గొంతుతో "నీకు మాటలు వచ్చునా?" అని సంఘాన్నే అడిగాయి. సభ్యుల్లో ఒకాయన అలవాటు కొద్దీ "వచ్చునండి" అన్నాడు.

ఇది మూడో పరీక్ష. ఈసారి వింత ఏమిటంటే చిలుకలు పాత మాటలన్నీ నిజంగానే వదిలేశాయి. చక్రపాణి గారికి ఒక అలవాటుంది. పైకి పంపే లేఖలను సంతకం పెట్టబోయే ముందు వరండాలో పచార్లు చేస్తూ, తన వాక్యాలకు తనే మురిసిపోతూ, కంఠమెత్తి చదువుకుంటారు. లేఖ చదవడం మాట్లాడటం కిందికి రాదని ఆయన ఉద్దేశం. ఆ ఆవరణలో అంత మమకారంతో పలికే గొంతు మరొకటి లేదు. చిలుకలకు అంతకంటే ఏం కావాలి?

సుభద్రాదేవి గారు మొదటి పంజరం ముందు నిలబడ్డారు. "నీకు మాటలు వచ్చునా?"

"విషయము పరిశీలనలో ఉన్నది," అంది చిలుక.

రెండోది, "తగు చర్య నిమిత్తం సమర్పించడమైనది," అంది.

మూడోది, "పై అంశమును దృష్టియందుంచుకొని," అని ఆగిపోయింది. ఎంతసేపు చూసినా అంతకుమించి అనలేదు.

చక్రపాణి గారి మొహం పాలిపోయింది. సభ్యులు రిజిస్టర్లో సున్నాలు వేయడానికి కలాలు తీశారు. సన్యాసమ్మ గుడ్ల నీళ్ళు కుక్కుకుని, ఇక పోయేదేముంది అనుకుని ముందుకొచ్చింది.

"అమ్మా, తప్పయితే మన్నించండి. ఆ సిలక ఏటన్నాదో మీకేటైనా తెల్సిందా?"

"విషయం పరిశీలనలో ఉందంది."

"ఏ విసయమమ్మా?"

సుభద్రాదేవి గారు చిలుక వైపు చూశారు. "అది చెప్పలేదు."

"ఎవులు పరిశీలిస్తన్నారట?"

"అదీ చెప్పలేదు."

"ఎప్పటికి తేలతాదట?"

ఆమె కుర్చీ తెప్పించుకుని కూర్చుని, ఉత్తర్వు ప్రతి అడిగారు. అద్దాలు సవరించుకుని రెండో పేజీలో వేలు పెట్టారు. "మాట అనగా అర్థము గల శబ్దము. ఇది ఉత్తర్వులోని నిర్వచనం. చక్రపాణి గారూ, ఈ వాక్యాలు మీవేనా?"

"అవునండీ," అన్నారాయన, గొంతులో కొంచెం గర్వం కూడా తొంగిచూసింది.

"అయితే మీరే చెప్పండి. 'విషయము పరిశీలనలో ఉన్నది' అంటే ఏమిటి? దానికి అర్థముంటే చిలుకలు మాట్లాడినట్టు. నాలుగు నెలల మీ కేంద్రం విఫలమైనట్టు రాసుకుంటాను. అర్థం లేకపోతే అవి ఉత్త శబ్దం చేసినట్టు. అప్పుడు ఉత్తీర్ణమైనట్టు. ఏది రాయమంటారు?"

వరండాలో నిజంగానే నిశ్శబ్దం ఆవరించింది. చక్రపాణి గారు ఒకసారి చిలుకల వైపు, ఒకసారి బోర్డు వైపు చూశారు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఆయన ఆ వాక్యాన్ని ఎన్ని వేలసార్లు రాశారో. చివరికి గొంతు సవరించుకున్నారు.

"అర్థము... నిర్దిష్టముగా లేదండి."

"సామాన్యంగా?"

"సామాన్యముగాను లేదు."

సుభద్రాదేవి గారు వాక్యం తర్వాత వాక్యం పరిశీలింపజేసి, ఇరవై మూడు చిలుకలు పలికిన వాటిలో ఒక్కదానికీ అర్థం లేదని సంఘం చేత ఏకగ్రీవంగా ధ్రువీకరింపజేశారు. వెళ్ళబోతూ సన్యాసమ్మ వైపు తిరిగి, ఇంకేం కావాలని అడిగారు. పదిహేను రోజులపాటు చిలుకల్ని పాత గొడ్లసాలలో వల కట్టి కలిపి ఉంచమని సన్యాసమ్మ అడిగింది. ఈసారి ఎవరూ విద్యార్హత అడగలేదు.

సాలలో అవి రెక్కలు సాగదీసి ఈ కొస నుంచి ఆ కొసకు ఎగిరాయి, ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి, నాలుగో రోజుకల్లా వాటి గోల వాటికే అర్థమయ్యే భాషలోకి మారింది. ఒక్కటే చిక్కు. వరండాలో చక్రపాణి గారి గొంతు వినిపిస్తే చాలు, అన్నీ వచ్చి వల పట్టుకుని వేలాడేవి.

విడుదల రోజున కొండ కింద మొక్కజొన్న చేలో సగం కోత అయిపోయింది. మిగిలిన సగంలో అడవి చిలుకల మంద వాలి ఉంది. సుభద్రాదేవి గారు వచ్చారు, మాస్టారు వచ్చారు, చిలుకలున్న పెద్ద పంజరంతో కేంద్రం జీపు వచ్చింది. పంజరం తలుపు తీశారు. చక్రపాణి గారు కాగితం విప్పి ప్రసంగం మొదలెట్టారు.

చిలుకలు బయటికొచ్చాయి. కొండ వైపు చూశాయి. చూసి, తిన్నగా ఎగిరొచ్చి ఆయన భుజాల మీద, టోపీ మీద, జీపు బానెట్ మీద వాలాయి. ఆయన "ఈ శుభసందర్భమున" అంటే, అవీ అన్నాయి. ఆయన ఉష్ ఉష్ అని తోలితే అదీ అన్నాయి.

సన్యాసమ్మ దగ్గరికొచ్చింది. "సారూ, మరోలా అనుకోకండి. ఆటికిప్పుడు మీరే జత."

"నేనా?"

"అయినోళ్ళ గొంతే నేర్సుకుంటాయి బాబూ. నాలుగు నెలలు రోజూ మమకారంగా మాటాడింది మీరొక్కలే. మీరు నోరిప్పినంతసేపూ ఇయి ఎల్లవు."

చక్రపాణి గారు ప్రసంగం ఆపేశారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. గట్టు మీద తుండుగుడ్డ పరుచుకుని కూర్చున్నారు. అందరినీ వెళ్ళిపొమ్మని చేత్తో సైగ చేశారు. సుభద్రాదేవి గారి కారు వెళ్ళింది, జీపును దూరంగా చింతచెట్టు కిందికి తోలారు. సన్యాసమ్మ మాత్రం కుప్ప వేసిన మొక్కజొన్న కట్టల వెనక చతికిలబడింది.

మొదట చిలుకలు ఆయన్ను పిలిచాయి. తగు చర్య అన్నాయి, విషయము అన్నాయి. ఆయన పలకలేదు. పెదాలు కదులుతున్నాయి గానీ మాట బయటికి రానివ్వడం లేదు. చేలోంచి అడవి చిలుకలు కీమన్నాయి. ఆయన తల తిప్పి అటు విన్నారు. ఆ మనిషి ఏదైనా వినడం సన్యాసమ్మ మొదటిసారి చూసింది. మంద మళ్ళీ కీమంది. జీపు వదిలొచ్చి గట్టు మీద వాలిన వాటిలో ఒకటి జవాబిచ్చింది, అచ్చంగా, దీర్ఘంగా. అది లేచి పోయింది. దాని వెనక మూడు, ఆ వెనక డజను.

ఎండ వాలేసరికి ఒక్కటే మిగిలింది. జోస్యగాడి దగ్గర పట్టుకొచ్చిన ముసలిది. ఆయన మోకాలి మీద కూర్చుని, మెడ అటు వంచీ ఇటు వంచీ ఆయన నోటి వైపే చూసింది. ఇప్పుడు ఒక్క మాటంటే అది ఇంటికొచ్చేస్తుంది. ఆయన అంటారేమోనని సన్యాసమ్మ ఊపిరి బిగబట్టింది. ఆయన కళ్ళు తుడుచుకున్నారు గానీ అనలేదు. చేలో మంద ఒక్కసారిగా లేచింది. ముసలి చిలుక ఆయన మోకాలిని గోళ్ళతో గట్టిగా ఒక నొక్కు నొక్కి, ఎగిరిపోయింది.

సన్యాసమ్మ మంచినీళ్ళ సీసా తీసుకెళ్ళి ఆయన పక్కన పెట్టింది. నాలుగు నెలలుగా ఆ మనిషి మీద పెంచుకున్న కోపం ఏమైందో ఆమెకే తెలియలేదు. ఇద్దరూ కొండ వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నారు.

విడుదల మీద నివేదిక ఆ సాయంత్రమే పంపాలి. ఆయన వారం దాకా రాయలేదు. రాశాక, తవిటినాయుడు దాన్ని సన్యాసమ్మకు చదివి వినిపించాడు. ఒకటే వాక్యం: "చిలుకలు వెళ్ళిపోయాయి."

"బాగుంది కదా," అంది సన్యాసమ్మ.

పై ఆఫీసు వారు మాత్రం ఆ వాక్యం అర్థం కాలేదంటూ, వివరణ కోరుతూ తిప్పి పంపారు.